సింహాచలం గారి గాలి

పళ్ళెం మళ్ళీ వెనక్కి వచ్చింది.

పప్పు మీద నెయ్యి గడ్డకట్టి ఉంది. వంకాయ కూర వడలి ముడుచుకుంది. గంగాభవాని గారు ఆ పళ్ళేన్ని రెండు చేతులా పట్టుకుని, సంధి కుదరని రాయబారిలా వంటింటి గడపలో నిలబడ్డారు.

"నిన్న పగలు లేదు, రేత్రి లేదు, ఇప్పుడూ లేదు," అన్నారు కోడలితో. "ముద్ద ముట్టలేదు మీ మావ. నీ నోటమ్మట ఒక్క ముక్క రావాలంట. నాను తప్పు సూసినాను అని. ఆ ముక్క అనీసి ఆ మనిసిని బతికించవే తల్లీ."

పద్మిని ఉల్లిపాయలు తరగడం ఆపలేదు.

"సూడనిది సూసినానని అనీయొచ్చు అత్తయ్యా. సూసింది సూడలేదని ఎలగనాల?"

"ఏటి సూసినావు? గాలిని సూసినావా? గాలి కనబడతాదేటే ఎవులికైనా?"

"కనబడదు. అందుకే లేజరు పెట్టినాం. మీరు సాంబ్రాణి వేసినప్పుడు కిటికీలోంచి ఎండ పడితే పొగ ఎటు పోతందో తెలుస్తాది కదా, ఇదీ అంతే. ఫ్యానుకి చిన్న అద్దాల కిటికీ పెట్టి, అందులోంచి రెండు కాంతి గీతల్ని లోపల ఒక్కచోట కలిపినాం. గాలిలో ఉన్న నలుసు అక్కడ దాటితే మెరుస్తాది. ఆ మెరుపుని బట్టి ఎంత జోరుగా పోతందో, ఎటు పోతందో తెలిసిపోతాది."

"నలుసుల మాట నమ్మి మావ మాట కాదంటావు."

"నలుసులకి పరువుండదు అత్తయ్యా. అబద్ధం ఆడవలసిన పని లేదు."

గంగాభవాని గారు నిట్టూర్చి పళ్ళెం మీద మూత పెట్టారు. ఆ నిట్టూర్పులో రామాయణంలోని సగం ఉత్తరకాండ ఉంది.

ఈ మహాసంక్షోభానికి మూలం ఒకే ఒక్క వాక్యం. ఆదివారం భోజనాల దగ్గర, మజ్జిగ పోస్తూ, ఉప్పు ఇలా ఇవ్వండి అన్నంత తేలికగా పద్మిని అంది: "మావయ్యా, మీ ఫ్యాన్లో అంచు దగ్గర గాలి వెనక్కి వస్తంది." సామ్రాజ్యాలను కూల్చిన మాటలు చరిత్రలో ఇంతకంటె పొడవుగా ఉన్నట్టు కనబడదు.

సింహాచలం గారు తక్షణం చెయ్యి కడుక్కున్నారు. రంగూన్‌లోని లత పేటలో మూడు తరాలుగా పంకాలు, పంపులు అమ్ముతున్న దుకాణానికి ఆయన అధిపతి. ఊరి చివర విమానాశ్రయం దగ్గర మింగళాడోన్‌లో రేకుల షెడ్డు వేసి, కర్మాగారాలకు కావలసిన పెద్ద పెద్ద ఫ్యాన్లను స్వహస్తాలతో సృష్టిస్తున్న విశ్వకర్మాంశ సంభూతుడు. రెక్కకు భూమండలంలో ఎవరూ ఇవ్వనంత మెలిక ఇవ్వడం ఆయన ఆవిష్కరణ. మెలిక పెరిగితే గాలి పెరుగుతుందని ఆయన సిద్ధాంతం. ఉండ్రాళ్ళు పెరిగితే వినాయకుడి దయ పెరుగుతుందన్నంత సులువైనది, అంతే తిరుగులేనిది. దానికి 'సింహాచలం రెక్క' అని ఆయనే నామకరణం చేశారు, మరెవరూ చేసేలా లేరని గ్రహించి.

ఆ రెక్కల మధ్య గాలి అంత మెలిక తిరగలేక, రెక్కను వదిలేసి, గుండ్రటి తొడుగు అంచు పట్టుకుని వచ్చిన దారినే పోతోందని లేజరు చెప్పింది. లేజరు చెప్పినది కోడలు చెప్పింది. కోడలేమో రేవులో మూటలు మోసినవాళ్ళ ఇంటి పిల్ల. సింహాచలం గారు లేజరును క్షమించగలరు.

ఇక దీక్ష సంగతి. ఆయన గదికి వీధి వైపు వరండా ఉంది. వాళ్ళుండే సంచౌంగ్ పేటలో పై అంతస్తుల్లో ఉండే అందరికీ ఉన్నట్టే, ఆ వరండా నుంచి వీధిలోకి ఒక తాడు వేలాడుతుంది. కింది కొసకు క్లిప్పు, పై కొసకు చిన్న గంట. పేపరువాడు వచ్చినా, చుట్టం వచ్చినా కింద తాడు లాగితే పైన గంట మోగుతుంది. ఈ ఉదయం ఇల్లంతా ఆయన నాడి గురించి గుసగుసలాడుతున్న వేళ, పక్క కిటికీలో బట్టలు ఆరేస్తూ పద్మిని చూసింది. తాడు ఖాళీగా దిగింది. బరువుగా ఎక్కింది.

కాసేపటికి మొహింగా పులుసు వాసన, చేపా నిమ్మగడ్డీ కలిసినది, తలుపు సందులోంచి హాల్లోకి వచ్చింది. గంగాభవాని గారు కళ్ళు మూసుకుని, "పస్తున్న ఒంటికి పరిమళం పడతాదంటారు, ఇదే గావాల," అన్నారు భక్తిగా.

నమ్మి అన్నారో, అలవాటు కొద్దీ అన్నారో పద్మినికి అంతు చిక్కలేదు. ఆ ఇంట్లో ఆ రెండింటికీ మధ్య గోడ ఎప్పుడో కూలిపోయింది.

పళ్ళెం మీద మూత పడిన చప్పుడుకే రాజమోహన్ వంటింట్లోకి వచ్చాడు. తల్లికీ భార్యకూ మధ్య నిలబడి ఇద్దరికీ ఒకేసారి తల ఊపగలగడం అతని విద్య. ఇంజనీరింగు పట్టా ఆ తరవాతది.

"డా ఖిన్ సాన్ ఈరోజు మధ్యాహ్నం షెడ్డుకి వస్తన్నారు," అన్నాడు. బర్మీలో ఆడవాళ్ళ పేరు ముందు డా, మగవాళ్ళ పేరు ముందు కో, మన గారు లాంటివి. ఖిన్ సాన్ అంటే ఆ ఫ్యాను కొంటున్న బట్టల కర్మాగారం యజమానురాలు. లేజరుతో కొలిచి చూపిస్తేనే తీసుకుంటానని షరతు పెట్టినది ఆవిడే. "ఆవిడ ముందర ఇంకోసారి కొలుద్దాం. నాన్న ఒప్పుకున్నారు."

"కొలిస్తే మళ్ళీ అదే వస్తాది రాజ్."

"రానీ. అప్పుడు చూద్దాం."

"అప్పుడేటి చూస్తావు?"

అతను ఉల్లిపాయ ముక్క ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు. జవాబు చెప్పవలసిన చోట నమలడం అతనికి చిన్ననాటి నుంచీ ఉన్న అలవాటు.

"ఆ ఫ్యాను ఎక్కడ బిగిస్తారో తెల్సు కదా?" పద్మిని కత్తిపీట పక్కకు జరిపింది. "మా చెల్లి హైమ పనిచేసే రంగుల హాల్లో. తొట్లలోంచి లేచే ఆవిరి బయటికి లాగాలి. అంచు పట్టుకుని ఎనక్కొచ్చే గాలి ఆ ఆవిరిని తెచ్చి మళ్ళీ దాని మొహం మీదే పోస్తాది. ఇప్పటికే అది దగ్గుతూ లేస్తంది, దగ్గుతూ పడుకుంటంది."

"నాకు తెల్సు పద్మా."

"తెల్సని మీ నాన్నకి చెప్పు."

"ఎలా చెప్తాను? ఆనాదె కదా," అన్నాడు. ఎదుటి మనిషిని ఇబ్బంది పెట్టలేని మొహమాటానికి బర్మీ భాషలో ఉన్న ఆ సుకుమారమైన మాటలో రాజమోహన్ ఎన్నో ఏళ్ళుగా అద్దె లేకుండా కాపురం ఉంటున్నాడు.

మామగారి గదిలోంచి గొంతు వినబడింది. పస్తున్న గొంతుకు ఉండవలసిన దానికంటె చాలా ఎక్కువ జవసత్వాలు అందులో ఉన్నాయి.

"ఆ సైంటిస్టు గుంటని ఇలా రమ్మను!"

సింహాచలం గారు నుదుటి మీద తడిగుడ్డతో, రొమ్ముల దాకా దుప్పటితో, అంపశయ్య మీద భీష్ముడి భంగిమలో ఉన్నారు. భీష్ముడికి లేనిది ఒక్కటే ఎక్కువ: మీసం మీద కొత్తిమీర ఆకు.

"ఏటమ్మా, నా గాలి ఎనక్కెల్తందా?"

"అంచు దగ్గర మావయ్యా. మధ్యలో బాగానే ఎల్తంది."

"మద్దిన బాగుంది, అంచున బాగులేదు. అది గాలేటి, సేపల పులుసేటి, ఓ పక్క బాగుండి ఓ పక్క సెడిపోడానికి?"

"పులుసు సంగతి మీకు పొద్దున్నించీ బాగా గుర్తున్నట్టున్నాది మావయ్యా."

సింహాచలం గారి వేలు మెల్లగా మీసం దాకా వెళ్ళి, ఆకును కనుగొని, దాన్ని దుప్పటి కిందికి తీసుకుపోయింది. రాజమోహన్ వరండాలో కాకుల్ని లెక్కపెడుతున్నాడు.

"ఇను," అన్నారు సింహాచలం గారు, ఈసారి లేచి కూర్చుని. "మా తాత ఈ ఊల్లో మొదటి పంకా అమ్మినప్పుడు, దాన్ని ఓడలోంచి దింపి మోసుకొచ్చినోడు మీ తాతే అయ్యుంటాడు. మొయ్యడం ఎలగో మీ ఓల్లకి తెల్సు. అది ఎటు తిరగాలో మా ఓల్లకి తెల్సు."

"సెమట పట్టినోడికే తెలుస్తాది మావయ్యా, గాలి ఎటునుంచి ఒస్తందో."

గంగాభవాని గారు గడపలో "రామ రామ" అన్నారు. ఆ రాముడు ఎవరి పక్షమో తేల్చలేదు.

"సరే. కొలు," అన్నారు సింహాచలం గారు. "కాని మా ఆచారం మాకుంది. అది జరగాల."

ఆచారం ఇది. కొత్త ఫ్యానును కొనేవాళ్ళ ఎదుట మొదటిసారి తిప్పినప్పుడు, దుకాణం పెద్ద దాని నోటి ముందు నిలబడి, గుప్పెడు కుంకుమ అందులోకి విసరాలి. అవతలి వైపు ఎర్రటి పొగలా కుంకుమ బయటపడితే అందరూ చప్పట్లు కొట్టాలి. వెనకటికి ఆ తాతగారు గాలి పోతోందా లేదా అని కళ్ళతో చూసుకోవడానికి చేసిన పని అది. తాత కొలిచాడు. తండ్రి మొక్కాడు. మనవడి కాలానికి అది శాస్త్రమైంది, అంటే ఎందుకని ఎవరూ అడగకూడనిది అయింది.

"కుంకం ఒక్కసారి వెయ్యండి. అదంతా పోయిందాకా ఆగి, అప్పుడు కొలుస్తాను," అంది పద్మిని.

"అలగే."

ఆ 'అలగే' ఎంత సులువుగా ఊడిపడిందో పద్మిని గమనించలేదు. తనకు దక్కిన గెలుపును తూచి చూసుకునే అలవాటు ఆమెకు లేదు. కొలతలన్నీ ఇతరులకే.

"ఈరోజు నా గాలి ఎనక్కొస్తే ఫ్యాన్లు కట్టడం మానీసి రామకోటి రాసుకుంటాను. ముందుకెల్లిందా," సింహాచలం గారు తడిగుడ్డ తీసి పక్కన పెట్టారు, "ఆ యంత్రాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చినావో అక్కడ దిగబెట్టీసి, ఇంట్లో కూకో. షెడ్డు ముకం సూడొద్దు. కొట్టు మెట్టెక్కొద్దు."

పద్మిని మొగుడి వైపు చూసింది. కాకుల లెక్క ఇంకా తెమలలేదు.

*

మింగళాడోన్‌లో కరెంటు చెప్పిన వేళకే వచ్చింది. ఈ కాలంలో అంతకంటె పెద్ద శుభశకునం ఉండదు కాబట్టి సింహాచలం గారు దాన్ని తన ఖాతాలో వేసుకున్నారు.

మరణశయ్య దిగి వచ్చిన మనిషి వెలిగిపోతున్నారు. పట్టు లుంగీ, దాని మీద చలువ చేసిన తెల్లటి తైక్‌పోన్, అదే, మెడపట్టీ లేని ఆ బర్మీ కోటు. చేతిలో ఇత్తడి పళ్ళెం, పళ్ళెంలో గోపురంలా కుంకుమ.

ఫ్యాను బల్లల మీద అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద పీపాలా ఉంది. దాని పక్కటెముకలో అద్దాల కిటికీ. కిటికీ ఎదుట లేజరు. పద్మిని రెండు ఆకుపచ్చ గీతలను అద్దంలోంచి పంపి, రెక్కల కొసలు తిరిగే చోట, అంచుకు దగ్గరగా, బియ్యపుగింజంత మేర కలిసేలా సరిచేసింది. నూనెను పొగమంచులా చిమ్మే చిన్న యంత్రం గొట్టాన్ని ఫ్యాను నోటి దగ్గర అమర్చి, స్విచ్చు వేసింది.

"ఇది ఎందుకు, సెయామా?" అని, పంతులమ్మను పిలిచే మర్యాదతో, బర్మీలో అడిగారు డా ఖిన్ సాన్. కొప్పులో చామంతులు, చేతిలో బ్యాగు, ముఖంలో ఎవరినీ నొప్పించని చిరునవ్వు.

"గాలి లేజరుకు కనబడదండీ. గాలితో పాటు తిరిగే తుంపరే కనబడుతుంది. ఇది గాలి ఎటు తిరిగితే అటు తిరిగేంత సన్నగా ఉంటుంది. ఈ తెర మీద గీతకు కుడి పక్కన లెక్క వస్తే ముందుకు పోతున్నట్టు. ఎడమ పక్కన వస్తే వెనక్కి వస్తున్నట్టు."

"మనుషులకు కూడా ఇలాంటి కిటికీ పెడితే బాగుండును," అన్నారు డా ఖిన్ సాన్.

ఫ్యాను తిరిగింది. షెడ్డు రేకులు వణికాయి. సింహాచలం గారు ఫ్యాను నోటి ఎదుట, కింది అంచుకు రొమ్ము ఆనేంత దగ్గరగా నిలబడి, ఇష్టదైవాలందరినీ పేరుపేరునా పిలిచి, గుప్పెడు కుంకుమ విసిరారు. అవతలి వైపు ఎర్రగా మేఘం లేచింది. చప్పట్లు.

"ఇంక ఆగండి మావయ్యా. ఇది పోనివ్వండి."

"ఇది లచ్చిందేవికి," అని ఆయన రెండో గుప్పెడు విసిరారు.

"మావయ్యా!"

"ఇది పైడితల్లికి. నువ్వు కొలమ్మా, కొలు! తల్లే సూపిస్తాది దారి!"

మూడో గుప్పెడు. నాలుగోది. డా ఖిన్ సాన్ పరాయి దేవతల ఎదుట చేతులు జోడించి నిలబడ్డారు. అతిథి చేతులు జోడించాక ఆ పూజను ఆపగల మగాడు గాని ఆడది గాని రంగూన్ నగరంలో లేదు.

తెర మీద లెక్కలు రాలడం మొదలుపెట్టాయి. గీతకు కుడి పక్కన. మళ్ళీ కుడి పక్కన. వరసగా, గట్టిగా, సిగ్గు లేకుండా కుడి పక్కనే.

"ఏ పక్కమ్మా?" సింహాచలం గారు ఫ్యాను హోరు మించి అరిచారు. "ఎడమా, కుడా?"

"కుడి," అన్నాడు రాజమోహన్. ఆ ఒక్క మాట అనడానికి అతనికి మొహమాటం అడ్డు రాలేదు.

"ఇది గాలి కాదండీ," అని పద్మిని డా ఖిన్ సాన్ వైపు తిరిగి బర్మీలో చెప్పింది. "లేజరు చూస్తున్నది కుంకుమని. ఆ పలుకులు బరువు. గాలి తిరిగినా అవి తిరగలేవు, విసిరిన ఊపుతో తిన్నగా దూసుకుపోతాయి. అవే గట్టిగా మెరుస్తున్నాయి, అందుకే అవే లెక్కకు వస్తున్నాయి."

సింహాచలం గారు పగలబడి నవ్వారు. "ఇన్నారా? కుంకం ముందుకెల్తందంట, గాలి మాత్రం ఎనక కూకుందంట! గాలి మొయ్యకపోతే కుంకానికి కాల్లున్నాయేటే?"

"ఏటికి ఎదురు రాయి ఇసిరితే రాయి కొంత దూరం ఎదురే ఎల్తాది మావయ్యా. ఏరు ఎదురెల్తందా?"

నవ్వు ఆగింది. డా ఖిన్ సాన్‌కు తెలుగు రాదు. కాని ఏదో తగిలిందని ఆవిడకు అర్థమైంది. ఆవిడ మెల్లగా రాజమోహన్ వైపు తిరిగారు.

"కో రాజ్, మీరు కూడా చదువుకున్నారు. మీరు చెప్పండి. ఇది గాలా, పొడా?"

ఫ్యాను తిరుగుతోంది. పైనుంచి విమానం ఒకటి దిగుతూ పోయింది. రాజమోహన్ తండ్రిని చూశాడు. భార్యను చూశాడు. నమలడానికి దగ్గరలో ఏమీ దొరకలేదు.

"గాలే," అన్నాడు.

పద్మిని పొగమంచు యంత్రం దగ్గరకు నడిచింది. వేడిగా ఉండవలసిన గొట్టం చల్లగా ఉంది. స్విచ్చు ఆపిన వైపుకి పడి ఉంది. లేజరు కంటికి ఆ గాలిలో కుంకుమ తప్ప మరేమీ మిగలకుండా ఎవరో పక్కాగా ఏర్పాటు చేశారు. రాజమోహన్ చేతిరుమాలుతో బొటనవేలి మీద నూనె తుడుచుకుంటున్నాడు.

ఒక్క మాట చాలు. కాని ఆ మాట 'నా భర్త మోసగాడు' అన్న వాక్యంతో మొదలు కావాలి, అదీ బయటి మనిషి ఎదుట. మొగుడి గుట్టు దాచే అత్తగారి మౌనాన్ని చూసి ఇన్నాళ్ళూ లోలోపల నవ్వుకున్న విదుషీమణి పద్మిని, తన నాలుక కింద అచ్చం అలాంటి రాయే ఒకటి ఉందని అప్పుడు కనుగొంది.

"చాలా సంతోషం," అన్నారు డా ఖిన్ సాన్. "రేపు పొద్దున్నే లారీ పంపిస్తాను."

*

ఆ సాయంత్రం దీక్షా విరమణ మహోత్సవం. సేమ్యా పాయసం, అప్పడాలు, గోంగూర రొయ్యలు. గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణమన్న సామెత వంటింట్లో పద్మిని నాలుక చివరిదాకా వచ్చి, పోపులో పడి చిటపటలాడింది.

"పొగమంచు ఎందుకాపినావు?" అని అడిగింది, అప్పడాల కోసం వచ్చిన మొగుణ్ణి.

"నేనెందుకు ఆపుతాను? వోల్టేజి పడిపోయుంటాది."

"వోల్టేజి పడితే స్విచ్చు కూడా పడతాదా?"

అతను గొంతు తగ్గించాడు. "ఒక్క ఫ్యానే కదా పద్మా. బిగించాక నేనే ఓ రోజు ఎల్లి రెక్క మెలిక తగ్గిస్తాను. నాన్నకి తెలియకుండా."

"అందాకా హైమని ఊపిరి తియ్యకుండా ఉండమంటావా? అదీ మీ నాన్నకి తెలియకుండా?"

రాజమోహన్ అప్పడం విరిచి నోట్లో వేసుకున్నాడు.

హాల్లో సింహాచలం గారు ఇంకా తెల్లకోటు విప్పలేదు. ఇరుగుపొరుగు ఎవరైనా వస్తారేమో, విజేతను విజేత వేషంలోనే చూడాలని. మొదటి ముద్ద కలుపుతూ రేపటి నుంచి ఇంట్లో అమలు కాబోయే నూతన శాసనాలను ప్రకటిస్తున్నారు. లేజరు తిరిగి పోవాలి. కోడలు ఇంట్లో ఉండాలి. ఆదివారాలు మజ్జిగ వేరెవరైనా పొయ్యాలి.

"ఏటండీ అది?" అన్నారు గంగాభవాని గారు, పాయసం గరిటె పట్టుకుని. "రొమ్ము మీద?"

"కుంకం. తల్లి దీవెన," అన్నారాయన, చూడకుండానే.

"సేతులకంటితే దీవెనే. ముందుకి ఇసిరినారు కదా, రొమ్ము మీదకి ఎలగొచ్చినాది? అదీ ముగ్గు దిద్దినట్టు?"

ఆవిడ ఎప్పటి లాగే అడిగారు, ఉప్పు సరిపోయిందా అన్నట్టు. సింహాచలం గారు తల వంచి చూసుకున్నారు.

పద్మిని కూడా చూసింది. చిందిన మరక కాదు. తెల్లకోటు మీద ఒక భుజం కింది నుంచి రెండో భుజం కింది దాకా, విల్లు వంచినట్టు, వేలెడంత వెడల్పున లేత ఎరుపు పట్టీ. పైనా కిందా తెల్లగా ఉంది. పలుకులు ముందుకు దూసుకుపోయాయి. వాటిలోని మెత్తటి ధూళి మాత్రం అంచు పట్టుకుని వెనక్కి వచ్చి, నోటి ఎదుట నిలబడిన మనిషి రొమ్ము మీద ఆ అంచు ఆకారాన్నే గీసి వెళ్ళింది.

ఆ వంపును సింహాచలం గారు ఎరుగుదురు. ఆ రేకును స్వయంగా సుత్తితో వంచినది ఆయనే.

కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది. ఉపవాసం చేసిన రోజుల్లో కూడా ఆ ముఖం అంత ఆకలిగా కనబడలేదు.

తరవాత ఎడమ చేత్తో ముడి గుండీలు విప్పి కోటు తీశారు. గంగాభవాని గారు అలవాటుగా చెయ్యి చాపారు.

"నీకు కాదు," అన్నారాయన. "అమ్మా పద్మినీ."

ఆ ఇంట్లో కాలు పెట్టిన నాటి నుంచి ఆమె పేరు ముందు ఆ మాట ఏనాడూ ఎత్తిపొడుపు లేకుండా పడలేదు.

"దీన్ని నువ్వే ఉతుకు. ఇప్పుడే. కరెంటున్నాది, మోటారాడతంది. నీల్లొస్తన్నాయి." ఆజ్ఞలా మొదలైన వాక్యం చివరికి వచ్చేసరికి బతిమాలడంలా అయింది. ఆయన ఆమె కళ్ళలోకి చూడలేదు. కోటును మాత్రం మడత పడకుండా, పసిబిడ్డను అందించినట్టు రెండు చేతుల మీదా అందించారు.

పద్మినికి ఒక్క క్షణం చిరాకు వేసింది. ఇంతకాలం ఏ లోపమూ లేకుండా నిర్మించుకున్న తన తిరస్కారంలో ఎక్కడో చిన్న బీట. పట్టా పుచ్చుకున్నవాడు కాదన్నదాన్ని ఈ ముసలాయన ఒక్క చూపులో చదివేశాడు. చదివి, ఉతకమన్నాడు.

స్నానాలగదిలో కుళాయి తిప్పింది. బకెట్టులో నీళ్ళు పడుతున్నాయి. రాజమోహన్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఉతికెయ్ పద్మా. మరక ఎలాగూ వదలదు. ఆకారం పోతే చాలు."

ఆమె కోటును నీళ్ళ మీదికి పట్టుకుంది. తడి తగలడానికి జానెడు ఉంది.

వరండాలో గంట మోగింది.

పని దిగి ఇంటికి పోతూ, వారానికోసారి కూర గిన్నె కోసం వచ్చి తాడు లాగేది హైమ. మెట్లెక్కితే ఆయాసమని ఈ మధ్య పైకి రావడం మానేసింది. పద్మిని కోటు చేతిలో ఉండగానే మొగుణ్ణి తప్పించుకుని, మామగారి గదిలోంచి వరండాలోకి నడిచింది.

"అక్కా!" కింద వీధి దీపం వెలుగులో, తల పైకెత్తి, మాస్కు గడ్డం కిందికి లాక్కుని హైమ అరుస్తోంది. "రేపు బావగారి ఫ్యాను ఒస్తందంట! సూపర్‌వైజర్ సెప్పీసినాడే! రేపట్నించి మాస్కులక్కర్లేదంట! మమ్మల్నందర్నీ తీసీమన్నారు!" నవ్వబోయి దగ్గింది. గోడకు చెయ్యి ఆనించి మళ్ళీ దగ్గింది. "ఏటలా సూస్తావు? కూర పంపించు, ఆకలేస్తంది!"

పద్మిని తాడును పైకి లాగింది. ఖాళీ క్లిప్పు ఆమె చేతిలోకి వచ్చింది. రేపు పొద్దున్న లారీ కంటే ముందు హైమ ఆ కర్మాగారం గేటు దాటి లోపలికి పోతుంది. అక్కడ డా ఖిన్ సాన్ ఉంటారు. నవ్వు సంగతి ఎలా ఉన్నా, ఈ కోటు మీది గీతను చూడడానికి ఆవిడకు కళ్ళున్నాయి.

వెనక అడుగుల చప్పుడయింది. సింహాచలం గారు ఎంగిలి చేత్తో, బనీనుతో గడపలో నిలబడి ఉన్నారు. కోటు లేకపోతే ఆ మనిషి అంత చిన్నవాడని ఆమె ఎన్నడూ అనుకోలేదు. లోపల కుళాయి ఎవరూ కట్టలేదు. బకెట్టు నిండి పొర్లుతున్న చప్పుడు వినబడుతోంది.

"మావయ్యా," అంది పద్మిని, వెనక్కి తిరగకుండా. ఒక చేతిలో కోటు, ఒక చేతిలో క్లిప్పు. "ఆ అంచు మీరు వంచిందే. మీరే చెప్పండి. నీళ్ళలోకా, కిందికా?"

సింహాచలం గారు నోరు తెరిచారు.

కింద హైమ మాస్కు తీసి చేతిసంచిలో పడేసుకుంది.